నొప్పి లెక్క సున్నా

కెవ్వున కేక పెట్టింది కుర్చీలో పడుకున్న పేషెంటు కాదు, పళ్ళు గీకుతున్న షమీమ్.

మటన్ కొట్టు ఖాసిం సాయిబు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. "ఏమైందమ్మా? నొప్పి నాకైతే కేక నువ్వు పెట్టావేంటి?"

"మీ దవడపన్ను నా దవడలో పొడిచింది సాయిబుగారూ," అంది షమీమ్ ఎడమ బుగ్గ పట్టుకుని. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంత నొప్పి పెట్టుకుని కిమ్మనకుండా ఎలా పడుకున్నారండీ?"

"నాకిది అలవాటే. కేక పెట్టాల్సినంత ఏం లేదు."

పక్క కుర్చీ దగ్గర పనిచేస్తున్న కెజియా మాస్కు లోపలే కిసుక్కున నవ్వింది. నవ్వినా చెయ్యి మాత్రం కదల్లేదు. ఆ చేతికి కాలేజీలో పెద్ద పేరుంది.

అది నిడదవోలు శివార్లలోని సోమేశ్వర దంతవైద్య కళాశాల. డెంటల్ హైజీనిస్టు డిప్లొమాలో పన్నెండు మంది ఆడపిల్లలు. పళ్ళ మీది పాచి తీయడం, చిగుళ్ళ కింద రాయిలా గట్టిపడ్డ గార గీకడం, ఎలా తోముకోవాలో చెప్పడం వాళ్ళు నేర్చుకునే పని. అలాంటి కాలేజీలు చాలా ఉంటాయి. ఇక్కడున్న యంత్రం మాత్రం ఇంకెక్కడా లేదు.

పేషెంటు చెవుల కింద, దవడ మీద, రూపాయి బిళ్ళంత మెత్తటి బిళ్ళలు రెండు అంటిస్తారు. అలాంటివే ఇంకో రెండు స్టూడెంటుకి అంటిస్తారు. ఇక అక్కడ పన్ను జివ్వుమంటే ఇక్కడ అదే పన్ను జివ్వుమంటుంది. ఎంత నొప్పో తెర మీద అంకె పడుతుంది. దాన్ని కనిపెట్టింది ప్రొఫెసర్ డాక్టర్ అవధానం చయనులు గారు. ఆయన దానికి 'సహవేదని' అని పేరు పెట్టారు. పిల్లలు మాత్రం 'వియ్యపురాలు' అంటారు. అవతలివాళ్ళకి మనం చేసింది ఏ ఒక్కటీ మరిచిపోదు, అక్కడికక్కడే అప్పజెబుతుంది కాబట్టి.

చయనులు గారు వచ్చి తెరలు చూశారు.

"షమీమ్, ముప్పై ఒకటి! పన్ను తోముతున్నావా, బావి తవ్వుతున్నావా? కెజియా... ఎంతా? మూడు!" ఆయన మొహం వెలిగిపోయింది. "చూడండమ్మా, అదీ చెయ్యంటే. పూలు కోస్తున్నట్టు లేదూ!"

"మరే సార్," అంది షమీమ్ దవడ రుద్దుకుంటూ. "మేం ముళ్ళు ఏరుతున్నాం."

గోడ మీద ఎర్ర అక్షరాల బోర్డు ఉంది: 'ఈ గదిలో మత్తు సూది నిషిద్ధం. మొద్దుబారిన పన్ను మాట యంత్రానికి వినపడదు.' ఆరు నెలల క్రితం యంత్రం వచ్చినరోజే సూదుల ట్రే బీరువాలోకి వెళ్ళిపోయింది. దాని గురించి ఎవరూ అడగలేదు. నొప్పి కలగకుండా చేయడం నేర్చుకుంటున్నప్పుడు సూదితో పనేముంది?

* * *

వియ్యపురాలు కాలేజీలో ఉండిపోయేది కాదు. పిల్లల వెంటే ఇంటికీ వచ్చేది.

రెండు వారాల తరవాత ఒక సాయంత్రం వంటింట్లో తల్లి సువార్త కొబ్బరి కోరుతుంటే, గడపలోనే కెజియాకి పై పళ్ళన్నీ ఒక్కసారి జిల్లుమన్నాయి.

"అమ్మా, ఆపవే!"

"పచ్చడి నువ్వే కదే అడిగావ్."

"పళ్ళు లాగేస్తున్నాయే."

బిళ్ళలు లేకపోయినా పళ్ళు మాత్రం మరిచిపోవడం లేదు. ఆటో బ్రేకు కీచుమన్నా, ఎవరైనా జామకాయ కొరికినా, పన్నెండు మందికీ అదే బాధ. మొన్న గేటుకి వెల్డింగు చేస్తుంటే షమీమ్ పుస్తకాలు కిందపడేసి చెవులు మూసుకుంది. చయనులు గారితో చెబితే, "సున్నితత్వం పెరుగుతోందన్నమాట. శుభం," అన్నారు.

వీధి అరుగు మీద బేతేలు బ్యాండు వాళ్ళు సాధన చేస్తున్నారు. మూఢం వెళ్ళి ముహూర్తాలు మొదలవడానికి పన్నెండు రోజులే ఉంది. బ్యాండుకి ప్రాణం కెజియా మేనమామ జకరయ్య క్లారినెట్. పెళ్ళికూతురు పల్లకి దిగేటప్పుడు ఆయన తీసే రాగానికి వియ్యాలవారు కూడా అలక మరిచిపోతారని పేరు.

రాగం పైకి వెళ్ళింది. ఇంకాస్త వెళ్ళింది. అక్కడ కీచుమని విరిగింది.

డ్రమ్ములు ఆగాయి. జకరయ్య క్లారినెట్ మూతికుండే రీడు తీసి దులిపాడు. "తడి చేరింది," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా.

మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే కీచుమంది.

అందరూ వెళ్ళాక కెజియా ఎదురుగా కూర్చుంది. "మావయ్యా, రీడు కాదు. ఏంటో చెప్పు."

"ఏం లేదే కెజ్జీ."

"నోరు తెరువు."

"పెద్దోళ్ళని నోరు తెరవమంటావేంటే? గౌరవం లేదూ?"

"నీ నోరు తెరిపించడమే నా చదువు మావయ్యా. తెరువు."

ఆయన తెరిచాడు. క్లారినెట్ ఊదేవాడికి పై ముందుపళ్ళు మౌత్‌పీసు మీద గట్టిగా ఆనాలి. రాగం నిలబడేది ఆ రెండు పళ్ళ మీదే. కెజియా కుడి ముందుపన్ను మీద వేలు పెట్టి మెల్లిగా నొక్కింది.

పన్ను ఆడింది.

ఆమె సంచిలోంచి కిట్టు తీసి, గీతలు వేసిన సన్నటి ప్రోబు ఆ పన్ను పక్కన చిగురులోకి దించింది. మూడు గీతల దగ్గర ఆగాల్సింది ఏడు గీతలు దిగింది. కొసకి గరగరమని ఏదో తగిలింది. చిగురు కింద గార. పాతది, గట్టిది.

"టౌన్లో డాక్టరుకి చూపించుకున్నా," అన్నాడు జకరయ్య గొంతు తగ్గించి. "తీసేద్దాం అన్నాడు. లేచొచ్చేశా. మీ అమ్మకి చెప్పకు. పన్ను పోతే ఇంకో పన్ను కట్టించుకోవచ్చంట గానీ, దాని మీద ఈ రాగం నిలబడద్దా? నలభై ఏళ్ళ నుంచీ ఈ పంటి మీదే ఊదుతున్నానే నేను. అయినా నాకు తెలీక అడుగుతా, ఆర్నెల్ల కిందటేగా నువ్వు శుభ్రం చేశావ్? మా వాళ్ళందరికీ చెప్పా, మా కెజ్జీ గీకుతుంటే గుర్రెట్టి నిద్రపోయానని."

కెజియా ప్రోబు కొసకేసి చూసింది.

ఆ రోజు ఆమెకి బాగా గుర్తుంది. మావయ్య ఆమె మొట్టమొదటి పేషెంటు. నొప్పి లెక్క సున్నా. చయనులు గారు చప్పట్లు కొట్టించారు. ఈ పంటి దగ్గర చిగురు అంచుకి గార గీకే స్కేలర్ చేరగానే, ఇంకొక్క వెంట్రుకవాసి లోపలికి వెళితే జివ్వుమంటుందని ఆమె పంటికి ముందే తెలిసింది. వెనక్కి తీసుకుంది. పక్క పంటి దగ్గరా అంతే. జివ్వుమనబోయే ప్రతిచోటా వెనక్కి తీసుకుంది.

తను నేర్చుకున్నది పూలు కోయడం కాదు. ముల్లున్న ప్రతి కొమ్మా వదిలేయడం.

* * *

మర్నాడు పొద్దున్నే ఫోన్లు చేసి తన పాత పేషెంట్లు ఐదుగురిని పిలిపించింది. షమీమ్ అద్దం పట్టుకుంది, కెజియా ప్రోబు పట్టింది. ఐదుగురిలో ముగ్గురికి చిగురు కింద గార ఎక్కడిదక్కడే ఉంది.

"మా ఖాసిం సాయిబుని కూడా చూడు," అంది షమీమ్.

ఖాసిం సాయిబు చిగుళ్ళు గులాబీ రంగులో, పళ్ళని పట్టుకుని బిగుతుగా ఉన్నాయి. ఎక్కడా గరుకు లేదు.

"ముప్పై ఒకటి," అంది కెజియా. "నువ్వు వెనక్కి తీసుకోలేదా?"

"తీసుకుంటే మళ్ళీ అక్కడికే రావాలి కదే. ఏడుస్తూ పూర్తి చేశా."

ఇద్దరూ నోటీసు బోర్డు మీది ర్యాంకుల జాబితా చూశారు. పైన కెజియా. అట్టడుగున షమీమ్.

"దీన్ని తలకిందులుగా అంటించారే," అంది షమీమ్.

చయనులు గారు అంతా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు.

"యంత్రం నొప్పి ఎక్కడుందో చెబుతుందమ్మా. అక్కడ ఆగిపొమ్మని చెప్పలేదు. ఆగింది నువ్వు."

"నిజమే సార్. కానీ మార్కులు ఆగినవాళ్ళకే కదా వేస్తోంది?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

"నేను చదువుకునే రోజుల్లో ఒక ముసలావిడ నా కుర్చీలో కూర్చుంది. నోరెత్తి ఒక్క మాట అనలేదు. అంతా అయ్యాక చూస్తే చీర కొంగు నోట్లో కుక్కుకోవడం కుదరక గుప్పిట్లో పెట్టుకుని చింపేసుకుంది. మళ్ళీ ఆస్పత్రి గడప తొక్కలేదు. ముప్పై ఏళ్ళు పట్టింది నాకీ యంత్రం తయారుచేయడానికి." ఆయన ఇటు తిరిగారు. "గురువారం నీ ప్రాక్టికల్ పరీక్ష. యూనివర్సిటీ నుంచి డాక్టర్ నాంచారమ్మ గారు వస్తున్నారు. ఆవిడ సరేనంటే ఈ యంత్రం అన్ని కాలేజీలకీ వెళుతుంది. మొదటి కుర్చీ నీదే. లోతుగానూ చెయ్యి, నొప్పి లేకుండానూ చెయ్యి. లోపం యంత్రంలో లేదని చూపించు."

హైజీనిస్టు పరీక్షకి ఒక పద్ధతుంది. పేషెంటుని కాలేజీ ఇవ్వదు, స్టూడెంటే వెతికి తెచ్చుకోవాలి. నోట్లో సరిపడా గార ఉండాలి. అందుకే పరీక్ష నెలలో ఆ పన్నెండు మందీ బస్టాండులో, బజ్జీల బండి దగ్గర నవ్వే ప్రతివాడి నోట్లోకీ తొంగి చూస్తుంటారు. దొరికినవాణ్ణి పరీక్ష దాకా తప్పిపోకుండా కాచుకుంటారు. కెజియాకి గోనెసంచుల కొట్టు గుమాస్తా దొరికాడు. గార అంతా పైపైనే, నాలుగు గీకుల్లో ఊడొస్తుంది. నొప్పి లెక్క మూడుతో మొదటి ర్యాంకు ఖాయం.

ఆమె గుమాస్తాకి ఫోన్ చేసి రావద్దని చెప్పింది.

"గురువారం నా కుర్చీలో కూర్చుంటావా మావయ్యా?"

"పీకనంటే కూర్చుంటా."

"పీకను."

"ఒట్టు?"

"ఒట్టు."

* * *

డాక్టర్ నాంచారమ్మ గారు పొట్టిగా, బొద్దుగా ఉన్నారు. నవ్వుతూ వచ్చారు గానీ, వచ్చీరాగానే జకరయ్య నోరు ప్రోబుతో మొత్తం కొలిచి, ఎక్కడెక్కడ గార ఉందో కాగితం మీద ఎర్ర చుక్కలు పెట్టుకున్నారు. పద్నాలుగు చుక్కలు.

"నొప్పి లెక్క నలభై దాటితే ఎర్ర దీపం వెలుగుతుంది, పరీక్ష ఆగిపోతుంది. ఫెయిలే. తెలుసుగా అమ్మాయీ?"

"తెలుసు మేడమ్."

బిళ్ళలు అంటించారు. మొదటి ఎనిమిది చుక్కలు ఇట్టే పోయాయి. తెర మీద అంకె ఐదు. గోడవారగా నిలబడ్డ చయనులు గారి భుజాలు కిందికి దిగాయి. వెనకాల మిగతా పదకొండు మంది అమ్మాయిలు చూస్తున్నారు.

అప్పుడు ముందుపన్ను వచ్చింది.

స్కేలర్ చిగురు అంచు దాటింది. కెజియా పై పంటిలోంచి ముక్కు దాకా నిప్పుకణిక పాకింది. అంకె పద్దెనిమిది. చెయ్యి తనంతట తానే వెనక్కి వచ్చేసింది. ఆర్నెల్ల అలవాటు. పళ్ళ బిగువున మళ్ళీ దించింది. ఇరవై ఏడు. గార కొసకి తగిలింది, కదల్లేదు. ముప్పై నాలుగు. ఆమె కళ్ళ వెంట నీళ్ళు మాస్కులోకి కారుతున్నాయి. జకరయ్య కళ్ళ వెంట నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

ఆమె స్కేలర్ తీసేసింది.

ఇక్కడితో ఆపేసి మిగిలిన చుక్కలు పైపైన గీకితే పాసైపోతుంది. పన్ను మాత్రం పెళ్ళిళ్ళ దాకా కూడా ఆగదు. దించితే ఎర్ర దీపం వెలుగుతుంది. అప్పుడు పరీక్షా పోతుంది, పనీ సగంలో ఆగిపోతుంది.

జకరయ్య కుర్చీ చేతుల్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్ళు తెల్లబడ్డాయి. క్లారినెట్ మీద పరుగులెత్తే వేళ్ళు.

"సార్," అంది కెజియా లేచి నిలబడి. "మత్తు సూది వెయ్యండి."

గదిలో ఎవరో కిందపడేసిన పెన్ను దొర్లుకుంటూ పోయిన చప్పుడు వినిపించింది.

"ఏం మాట్లాడుతున్నావమ్మా?" అన్నారు చయనులు గారు. "మత్తిస్తే యంత్రానికి వినపడదు!"

"మావయ్యకి వినపడకూడదనే సార్."

"అంకె రాదు. పరీక్ష..."

"ఆర్నెల్ల నుంచీ ఈ గదిలో పడుకున్నవాళ్ళకి సూది ఎందుకు వెయ్యలేదు సార్? వాళ్ళ నొప్పి మనం తెలుసుకోవాలని. మనం తెలుసుకోవడం కోసం వాళ్ళు నొప్పి పడ్డారు. మనమూ పడ్డాం, సరే. దానివల్ల వాళ్ళకేం తగ్గింది?"

నాంచారమ్మ గారు తెర వైపు చూడటం మానేసి చయనులు గారి వైపు చూశారు. "అవునండీ, సూదుల ట్రే ఏదీ? గదిలో ఎక్కడా కనబడదేం?"

ఆయన గోడ మీది ఎర్ర అక్షరాల బోర్డు చూశారు. అది రాయించిన మనిషి ఎవరో తెలియనట్టు చాలాసేపు చూశారు. తరవాత వెళ్ళి బీరువా తాళం తీశారు. సూదికి మందు ఎక్కించారు. జకరయ్య పెదవి పైకెత్తారు.

"చీమ కుట్టినట్టుంటుంది జకరయ్యగారూ."

"కుట్టనియ్యండి బాబూ. ఇందాకణ్ణుంచీ తేలు కుడుతుంటే పడుకోలేదూ!"

ఐదు నిమిషాల్లో తెర మీద అంకె మాయమైంది. కెజియా పళ్ళు నిశ్శబ్దమయ్యాయి. ఆర్నెల్లలో మొదటిసారి.

ఆమెకి భయం వేసింది. ఇన్నాళ్ళూ తన పళ్ళే దారి చూపించాయి. ఇప్పుడు చిగురు కింద అంతా చీకటి. మిగిలింది వేలికొసలు. స్కేలర్ దించింది. నున్నగా... నున్నగా... గరుకు. అక్కడ ఆగింది. ఇన్నాళ్ళూ పారిపోయిన చోట ఆనించి, గట్టిగా లాగింది. టిక్కుమని నల్లటి పెచ్చు ఒకటి ఊడి గాజుగుడ్డ మీద పడింది. బియ్యపుగింజలో సగం ఉంటుంది.

"నొప్పిగా ఉందా మావయ్యా?"

"ఏటే?" అన్నాడు జకరయ్య మొద్దుబారిన పెదవితో. "మొదలెట్టావా?"

వెనకాల షమీమ్ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

గంటసేపు పట్టింది. నాంచారమ్మ గారు ప్రోబు పట్టుకుని పద్నాలుగు చుక్కలూ ఒక్కొక్కటే వెతికారు. పదమూడు కొట్టేశారు. పద్నాలుగో దాని దగ్గర, "ఇక్కడ ఇసకరేణువంత ఉందమ్మాయీ," అన్నారు. కెజియా అదీ తీసింది.

ఆవిడ కాగితం మీద మార్కుల గడులు ఒక్కొక్కటే నింపుకుంటూ వచ్చి చివరి దాని దగ్గర ఆగారు.

"గార పని పూర్తి. ఇంత శుభ్రంగా చేసినవాళ్ళని ఈ ఏడాది చూళ్ళేదు. నొప్పి లెక్క గడి ఖాళీ. ఖాళీగా ఉంటే పాస్ చేసే అధికారం నాకు లేదు. నెలన్నరకి మళ్ళీ రా." తరవాత చయనులు గారితో, "ఆ గడి ఇక ముందు ఉండాలో వద్దో మనం కూర్చుని మాట్లాడుకోవాలండీ," అన్నారు.

ఇంటికి వెళుతూ జకరయ్య దారి పొడుగునా ఈల వేయడానికి ప్రయత్నించాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. టీ కొట్టు దగ్గర తాగిన టీ సగం చొక్కా తాగింది.

"పరీక్ష పోయిందటగా నావల్ల?" అన్నాడు చొక్కా తుడుచుకుంటూ.

"పన్ను పోలేదుగా."

"దాని సంగతి రాగం చెబుతుంది."

రాగం వెంటనే ఏం చెప్పలేదు. మొదటి రెండు పెళ్ళిళ్ళకీ మౌత్‌పీసు మీద మెత్తటి రబ్బరు ముక్క అంటించుకుని, పై స్థాయి జోలికి పోకుండా ఆయన జాగ్రత్తగా లాక్కొచ్చాడు. రోజూ రెండుపూటలా కెజియా పక్కన నిలబడి తోమించింది. మూడో పెళ్ళి సమిశ్రగూడెంలో. పెళ్ళికూతురు పల్లకి దిగుతుండగా రాగం పైకి వెళ్ళింది, ఇంకా వెళ్ళింది, అక్కడ నిలబడి వణక్కుండా వెలిగింది. జనంలో నిలబడ్డ కెజియా చప్పట్లు కొట్టడం మరిచిపోయి, చేత్తో తన పై ముందుపన్ను తడిమి చూసుకుంది.

* * *

నెలన్నర గడిచింది. పరీక్ష కాగితంలోంచి నొప్పి లెక్క గడి తీసేశారు. కొత్త చిక్కు వచ్చి పడింది. ఊళ్ళో గార దొరకలేదు.

మావయ్య నోరు అద్దంలా ఉంది. పాత పేషెంట్లందర్నీ మళ్ళీ పిలిచి, సూది వేయించి, షమీమ్ బృందం చిగుళ్ళ కిందంతా కడిగేసింది. బజ్జీల బండివాడు కూడా మెరిసే పళ్ళతో నవ్వుతున్నాడు.

"పక్క ఊరు వెళదామా?" అంది షమీమ్.

"పరీక్ష రేపే. ఇప్పటికిప్పుడు ఎవరొస్తారు?"

పరీక్ష రోజు పొద్దున కెజియా ఖాళీ కుర్చీ పక్కన నిలబడి ఉంది. నాంచారమ్మ గారు గడియారం చూసుకున్నారు. "పేషెంటు లేకపోతే నేనేం చేయలేనమ్మాయీ."

తలుపు తోసుకుని చయనులు గారు వచ్చారు. ఎవరి వైపూ చూడకుండా తిన్నగా నడిచి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, కుర్చీలో కూర్చుని వెనక్కి వాలారు.

"సార్?"

ఆయన నోరు తెరిచారు. కెజియా అద్దం పెట్టి చూసింది. కింది పళ్ళ వెనకాల, ఈ చివర నుంచి ఆ చివరకి, గార గోడ కట్టింది. నాంచారమ్మ గారు కూడా వంగి చూశారు. ఎర్ర చుక్కలు పెట్టడం మొదలుపెట్టి ఇరవై రెండు దగ్గర లెక్క ఆపేశారు.

"పాతికేళ్ళు దాటిందమ్మా, ఇలాంటి కుర్చీలో కూర్చుని," అన్నారు చయనులు గారు పైకప్పుకేసి చూస్తూ. "ఎవరినీ ముట్టుకోనివ్వలేదు."

"ఎందుకు సార్?"

"ఎందుకేమిటి? భయం."

వెనకాల అమ్మాయిలు ఒకరి భుజంలో ఒకరు మొహాలు దాచుకున్నారు. కెజియా మాత్రం నవ్వలేదు. యంత్రం బిళ్ళలు తెచ్చి ఆయనకి అంటించింది, తనకీ అంటించుకుంది. స్కేలర్ పక్కన పెట్టి, ప్రోబుతో ఒక్కొక్క పన్నూ తాకుతూ పోయింది. ఎక్కడ జివ్వుమందో అక్కడల్లా కాగితం మీద గుర్తు పెట్టుకుంది. మొత్తం ఏడు చోట్లు. అయ్యాక బిళ్ళలు ఊడదీసేసింది. తెర ఆపేసింది. నాంచారమ్మ గారు సూదుల ట్రే దగ్గరికి లాక్కుని ఒక సూది చేతిలోకి తీసుకున్నారు.

"ఇప్పుడు చెప్పండి సార్. మత్తు సూది వేయించమంటారా?"

తాను కట్టిన యంత్రం పక్కన, తన శిష్యురాళ్ళందరి ఎదుట, పరీక్షాధికారి చేతిలోని సూదికేసి చయనులు గారు ఒక కన్నుతో చూశారు.

"అదేం ప్రశ్నమ్మా," అన్నారు. "రెండు వేయించు."